దక్షిణ ధ్రువంలో చలివేంద్రం

జనవరి తొమ్మిదో తారీఖు ఉదయం ఎనిమిది గంటలకు బయట మైనస్ పదకొండు డిగ్రీలుంది. నేను మైనస్ పదకొండు అని రాశాను. తర్వాత జరిగినదానికంతటికీ మూలం అదే కాబట్టి, నా తప్పేమైనా ఉంటే ముందే ఒప్పుకుంటున్నాను.

అంటార్కిటికా అంచున, ఒక చిన్న సముద్రపు పాయ ఒడ్డున ఉన్న మా పరిశీలనా కేంద్రం పేరు ధవళ. అందులో ముగ్గురం ఉండేవాళ్లం. అధిపతి డాక్టర్ షాహిన్, కర్నూలు అమ్మాయి, ఉపన్యాసాలు ఇవ్వదు. వంట దాలయ్యది, ఇచ్ఛాపురం దగ్గర పల్లె. నేను పరిశీలకుణ్ణి.

అక్కడ గాలిని కొలవడం తేలిక కాదు. పరికరాలన్నీ సందులున్న తెల్ల చెక్కపెట్టెలో ఉంటాయి. ఆ సందుల్లోంచి పొడిమంచు దూరి థర్మామీటరుకు దుప్పటి కప్పుతుంది. దాన్ని తుడవాలి. తుడిచేటప్పుడు మన ఊపిరి తగిలితే డిగ్రీ పెరుగుతుంది, కనుక ఊపిరి బిగబట్టాలి. బిగబడితే కళ్లద్దాలకు ఆవిరి పట్టదు, అదొక మేలు. గాలివేగం చెప్పే గిన్నెలకు మంచు పట్టి బిగుసుకుపోతే, మనిషిని నిలబడనివ్వని గాలిలో కూడా అది సున్నా చూపిస్తుంది. మంచును కొలిచే డబ్బాలో ఉన్నది ఇవాళ కురిసిందో, పోయినేడు కురిసి ఇవాళ ఎగిరొచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇన్ని మాయల మధ్య ఒక అంకెను నిజమని తేల్చుకుని రాయడం నా ఉద్యోగం. ముప్పై ఒక్కేళ్లలో కంటితో చూడని అంకె ఒక్కటి కూడా రాయలేదు.

మా ఆవిడ సుభద్రకు ఇంత శ్రమ ఉండేది కాదు. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే నేను థర్మామీటరు వెతికేలోపు నుదుటి మీద అరచెయ్యి పెట్టి "నూటొకటి" అనేది. తర్వాత నేను చూస్తే నూటొకటే ఉండేది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆమె అల్లిన ఊదారంగు మఫ్లరు మాత్రం ఇంకా ఒక్క పోగు ఊడలేదు. ఇంటి దగ్గర నాకోసం తలుపు తీసేవాళ్లు లేరు కనుక ధవళలో ఇంకో ఏడాది ఉంటానని రాసిచ్చాను.

ఆ ఏడాదిని మా సంస్థ, అంటే అఖిల వాతావరణ పరిశీలక మండలి, విశ్వసనీయతా సంవత్సరంగా ప్రకటించింది. దానికో ప్రతిజ్ఞ, ఒక పాట, పైకెత్తిన బొటనవేలు గుర్తు ఉన్న బ్యానరు వచ్చాయి. వాటితోపాటు కంప్యూటరులో కొత్త ఫారం వచ్చింది. రోజూ ఉదయం ఎనిమిదికి అంకె ఎక్కించాలి. అంకెతోపాటు థర్మామీటరు ఫొటో పెట్టాలి. ఒక రోజుకూ మరునాటికీ మూడు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. అంకె సున్నాకూ యాభైకీ మధ్య ఉండాలి.

మైనస్ పదకొండు ఎక్కించగానే తెర ఎర్రబడింది. "మీరు ఇచ్చిన విలువ నమ్మదగినది కాదు. దయచేసి బయటికి వెళ్లి మరొకసారి చూడండి" అంది.

వెళ్లి చూశాను. ఈలోపు మైనస్ పన్నెండు అయింది.

"మీ రెండు విలువలకూ పొంతన లేదు. మీరు నమ్మదగినవారు కారు" అంది ఫారం.

మధ్యాహ్నం హైదరాబాదు ప్రధాన కార్యాలయం నుంచి ఉపగ్రహ ఫోను మోగింది. ఆ ఫోనులో మాట చేరడానికి రెండు సెకన్లు పడుతుంది. అందువల్ల ఎవరు ఏం మాట్లాడినా బాగా ఆలోచించి మాట్లాడినట్టే ఉంటుంది. చేసినవారు అదనపు సంచాలకులు, విశ్వసనీయతా విభాగం, శ్రీ మండలీకరావు గారు.

"సోమయాజులు గారూ, సదరు మైనస్ గుర్తును తమరు ఏ ఉత్తర్వు మేరకు వినియోగిస్తున్నారు?"

"థర్మామీటరు మీద ఉందండి."

"థర్మామీటరు మన శాఖ ఉద్యోగి కాదు కదండీ. దాని తరఫున జవాబుదారీ ఎవరు?"

"నేనేనండి."

"అదే మా బాధ. మనకు మొత్తం నలభై రెండు కేంద్రాలు. నలభై ఒకటి క్రమశిక్షణగా సున్నాకు పైన ఉన్నాయి. తమరిదొక్కటే కిందికి పోతోంది. నలభై ఒక్కమంది పొరబడ్డారని నన్ను నమ్మమంటారా?"

"ఇక్కడ మంచుందండి."

ఈసారి నాలుగు సెకన్లు పట్టింది. "ఆ విషయం ఫారంలో ఎక్కడైనా అడిగామా?"

షాహిన్ ఫోను తీసుకుంది. "సార్, ఫారంలో కింది హద్దు మార్చండి, సరిపోతుంది."

"అమ్మా, ఫారం మార్చాలంటే ఫారాల కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే మీ కేంద్రం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తులో మొదటి గడి మీ కేంద్రం ఉష్ణోగ్రత. అది సున్నాకూ యాభైకీ మధ్య ఉండాలి."

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. "సదరు పరికరమును విశ్వసనీయ విలువలు లభ్యమగు స్థలమునకు తరలించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

ధవళలో ఎప్పుడూ సున్నాకు పైన ఉండే గోడ, ఆ గోడకు మేకు ఉన్న చోటు ఒకటే. వంటిల్లు. దాలయ్య గరిట తగిలించుకునే మేకుకు థర్మామీటరు తగిలించాను.

దాలయ్య పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూశాడు. "ఏటి బాబూ, ఉప్మాకి గాని జొరమొచ్చిందేటి?"

"ఇకనుంచి దక్షిణ ధ్రువం ఇదే దాలయ్యా."

"అలగైతే చెప్పులిప్పి రండి" అన్నాడు.

ఇరవై నాలుగు డిగ్రీలుంది. ఎక్కించాను. తెర పచ్చబడి, "ధన్యవాదాలు. మీరు నమ్మదగినవారు" అంది. బయటి అంకెలు నా సొంత నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి నలభై రెండు కేంద్రాల్లో అత్యంత విశ్వసనీయ కేంద్రంగా ధవళను ఎంపిక చేశారనీ, షీల్డు ఓడలో పంపుతామనీ కబురొచ్చింది. నిజంగానే మా అంకెల్లో ఒడిదుడుకులు లేవు. ఉదయం ఎనిమిదికి రోజూ ఉప్మాయే.

ఓడ మాటకొస్తే, దాలయ్యకు అప్పుడు ప్రపంచంలో ఇంకో సంగతి లేదు. కూతురు నూకాలుకు తొలికానుపు. చైత్రంలో నెలలు నిండుతాయి. ఫిబ్రవరి నెలాఖరులోపు పాయ గడ్డకట్టకముందే ఓడ వచ్చి, కొత్త వంటమనిషిని దించి, దాలయ్యను ఎక్కించుకుపోవాలి. ఆ ఓడ తప్పితే మళ్లీ డిసెంబరే.

"మా గుంటకి పురిటికి ఒస్తానని మాటిచ్చినాను బాబూ. దానికి నా సేతి జంతికలంటే పేనం" అని, ఫిబ్రవరి మొదటివారం నుంచి రోజూ తెల్లవారుజామున మూకుడు ఎక్కించేవాడు. మొదటి రోజు జంతికలు. మర్నాడు అరిసెలు. ఆ తర్వాత చెక్కలు, బూందీ, మళ్లీ జంతికలు. ఒక్కో రోజు ఒక్కో మూకుడు పెరిగింది. థర్మామీటరు కూడా రోజుకు రెండు మూడు డిగ్రీల చొప్పున, నియమం తప్పకుండా ఎక్కింది. ఇరవై ఏడు. ముప్పై. ముప్పై రెండు. ఏడో రోజుకు నలభై ఒకటి.

ఆ రోజు బయట మైనస్ పదిహేడు. హైదరాబాదు నుంచి వడగాలుల హెచ్చరిక వచ్చింది.

ధవళ సిబ్బంది ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు బయట తిరగరాదు. ఒంటిపూట పనివేళలు పాటించాలి. తలకు తెల్లగుడ్డ చుట్టుకోవాలి. కేంద్రం ఎదుట బాటసారుల కోసం చలివేంద్రం ప్రారంభించి, ఫొటోలు రెండు రోజుల్లో పంపాలి.

"బాటసారులా?" అంది షాహిన్.

"ఉత్తర్వులో ఉందమ్మా."

"ఫొటో పంపకపోతే?"

"షీల్డు వెనక్కి తీసుకుంటారేమో. షీల్డు లేకపోతే ఓడ ఎందుకంటారేమో."

నేను గీసిచ్చిన చలివేంద్రం అక్షరాలను దాలయ్య అప్పటికే దుప్పటి మీద బొగ్గుతో దిద్దుతున్నాడు.

కుండ లేదు కనుక అన్నం వండే గుండిగ బయటపెట్టాం. నీళ్లు పోసి, గ్లాసు తెచ్చేలోపు పైన పెచ్చు కట్టింది. పెచ్చు పగలగొట్టి ముంచితే గరిట గుండిగలోనే ఉండిపోయింది. ఒడ్డు నుంచి అయిదు పెంగ్విన్లు వచ్చి ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. నా సర్వీసులో అంత బుద్ధిగా నిలబడిన క్యూ చూడలేదు. షాహిన్ ఫొటో తీసింది.

మర్నాడు మెమో. "సదరు ఛాయాచిత్రములో సిబ్బంది తీవ్రమైన వేసవియందు ఉన్ని దుస్తులు, చేతి తొడుగులు ధరించియుండుట నిబంధనలకు విరుద్ధము. సంజాయిషీ ఇవ్వగలరు. లబ్ధిదారులలో అయిదుగురు నల్లకోటుతో ఉన్నట్లు గమనించడమైనది. న్యాయవాదులకు ప్రత్యేక వరుస ఏర్పాటు చేయగలరు."

ఇంతవరకు మేం నవ్వుకున్నాం. దాలయ్య మెమో మళ్లీ చదివించుకుని మరీ నవ్వాడు. ఫిబ్రవరి పద్నాలుగున ఓడ గురించి ఉత్తర్వు వచ్చింది.

"ధవళ యందు ఉష్ణోగ్రత నలభై ఒక్క డిగ్రీలు ఉన్నందున సముద్రము గడ్డకట్టు అవకాశము లేదు. కావున ఓడ తొందరపడనవసరము లేదు. ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలలోపునకు దిగిన పిదపనే బయలుదేరవలెను. షీల్డు ప్రదానము చేయు అదనపు సంచాలకులు సైతము ఎండలు తగ్గిన పిదపనే ప్రయాణించెదరు."

షాహిన్ వెంటనే ఫోను చేసింది. "సార్, బయట మైనస్ పంతొమ్మిది. ఆ నలభై ఒకటి మా వంటింటిది. మీరే పెట్టమన్నారు."

"అమ్మా, తమరి అంకెలు తప్పయితే అవార్డు తప్పు. అవార్డు మీద సంచాలకుల వారి సంతకం ఉంది. వారి సంతకం తప్పు కాదు. కాబట్టి తమరి అంకెలు ఒప్పు. ఇందులో తమరికి అర్థం కానిదేముంది?"

ఓడ మాకు రెండు రోజుల దూరంలో, ఒక దీవి రేవులో కాచుకుని ఉంది. కెప్టెన్ ముత్యం కాకినాడ మనిషి. రేడియోలో దొరికాడు.

"మీ దగ్గర చలేనని నాకు తెలుసండీ సోమయాజులు గారూ. ఇక్కడే నా మీసం గడ్డకట్టి కూర్చుంది. కాని కాగితం మీద మీది రోహిణీకార్తె. అంకె అయిదులోపుకు దిగితే గంటలో లంగరెత్తుతాను. మార్చి ఒకటి దాటితే మాత్రం ఆ మంచులోకి నా ఓడ రాదు."

దాలయ్య కిటికీ దగ్గర నిలబడి పాయకేసి చూశాడు. నీళ్ల మీద సన్నగా, పాల మీద మీగడలా ఒక తరక కనిపిస్తోంది.

"సంద్రం తోడుకుంటోంది బాబూ" అన్నాడు. పొయ్యికేసి తిరిగి, "జంతికలొండకుండా ఉంటే పోయేది" అన్నాడు.

షాహిన్ నాకేసి తిరిగింది. "మూడు అని ఎక్కించేద్దాం సార్."

"ఫొటో పెట్టాలమ్మా. పైగా నలభై ఒకటి నుంచి మూడుకు ఒక్కసారి దిగితే ఫారం ఒప్పుకోదు. రోజుకు మూడే." ఇంకో కారణం కూడా ఉంది, ఆమెకు తెలుసు కనుక చెప్పలేదు. చూడని అంకె నేను రాయలేను.

"అయితే చూసే రాద్దాం" అంది షాహిన్.

లెక్క కట్టాం. పదమూడు రోజులు. ఫిబ్రవరి ఇరవై ఏడుకు రెండు డిగ్రీలు. ఓడకు రెండు రోజులు. సరిపోతుంది, ఒక్క రోజు తప్పకపోతే.

ధ్రువాల్లో నమ్మదగిన కొలతలు తీయడం ఎంత కష్టమో నాకు ఆ పదమూడు రోజుల్లోనే తెలిసింది. అంతకుముందు ముప్పై ఒక్కేళ్లు నేను చేసింది ఉద్యోగం. వంట ఏమిటన్నది థర్మామీటరు నిర్ణయించింది. ముప్పై ఎనిమిదికి పునుగులు, రెండు వాయిలు. ముప్పై అయిదుకు ఒక్క వాయి. ముప్పై రెండుకు పప్పుచారు మరిగించాం. ఇరవై తొమ్మిదికి అన్నం ఉడికితే చాలు. ఇరవై ఆరు డిగ్రీల రోజున పచ్చిమిరపకాయలు వేయించబోతే షాహిన్ చెయ్యి పట్టుకుని ఆపింది. "అర డిగ్రీ ఎక్కువవుతుంది దాలయ్యా." ఇరవై మూడుకు టీ మాత్రమే. ఇరవైకి పొయ్యి ఆర్పేశాం.

ఆ తర్వాత కిటికీ. దాన్ని రెండు వేళ్ల మందం తీస్తే పదిహేడు. మూడు వేళ్లకు పద్నాలుగు. షాహిన్ వేళ్లు సన్నం, నావి లావు కనుక ఎవరి వేళ్లన్నది కూడా రాసుకోవలసి వచ్చింది. అటుకులు నానేసుకుని తిన్నాం. పదకొండు డిగ్రీల దగ్గర అవీ నానడం మానేశాయి. ఊరగాయ నూనె పేరుకుంది. దాలయ్య చిన్నతనంలో విన్న వంటల కథలు చెప్పేవాడు, మేం అటుకులు నములుతూ వినేవాళ్లం. నంజుకోవడానికి అవి బాగానే ఉండేవి. జంతికల డబ్బా బల్ల మీదే ఉండేది. ఎవరం దాని జోలికి పోలేదు.

ఇరవై ఆరో తారీఖున అయిదు డిగ్రీలు. పాయ మీద తరక పెచ్చయింది. అయిదంటే లోపు కిందకు వస్తుందా రాదా అని ప్రధాన కార్యాలయాన్ని అడిగితే, ఆ విషయం పరిశీలనలో ఉందన్నారు.

ఇరవై ఏడు ఉదయం మంచుతుఫాను మొదలైంది. ఏడూ నలభైకి ఒక్క ఊపున కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకుంది. పరుగెత్తి మూసేసరికి వంటిల్లంతా పొడిమంచు. థర్మామీటరు మైనస్ ఒకటి.

ఇరవై నిమిషాలుంది. ఎనిమిదికి ఆ అంకె ఎక్కిస్తే తెర ఎర్రబడుతుంది, ఒక రోజు పోతుంది. ఆ రోజు పోతే ఓడ పోయినట్టే.

"పొయ్యి ఎలిగించనా బాబూ?"

"వెలిగిస్తే తొమ్మిదికి పోతుంది."

"సెయ్యెట్టనా?"

నా మఫ్లరు తీసి థర్మామీటరు చుట్టూ చుట్టాను. దాలయ్య తొడుగులు విప్పి, దాని మీద రెండు అరచేతులూ కోడిపిల్లను పట్టుకున్నట్టు పెట్టాడు. ఊపిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేర్పకుండానే వచ్చింది ఆ జాగ్రత్త. షాహిన్ గడియారం చూస్తోంది. మైనస్ ఒకటి. సున్నా. అక్కడే చాలాసేపు ఆగింది. తర్వాత ఒకటి.

"ఏడూ యాభై తొమ్మిది" అంది షాహిన్.

రెండు.

ఫొటో తీశాం. ఫొటోలో అంకె కంటే చేతులే ఎక్కువ కనిపించాయి. చేతుల గురించి ఫారంలో నిబంధన లేదు. తెర పచ్చబడింది. పది నిమిషాల్లో శీతల గాలుల హెచ్చరిక వచ్చింది, దాని వెనకే ఓడకు ఉత్తర్వు. దాలయ్య పొయ్యి వెలిగించి టీ పెట్టాడు. అంత వేడి టీ గొంతు దిగడం ఎంత భాగ్యమో రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

మార్చి ఒకటిన ఓడ పెచ్చును పగలగొట్టుకుంటూ వచ్చింది. మండలీకరావు గారు చేతుల్లేని స్వెట్టరులో, ఒక చంకలో షీల్డుతో దిగారు. అంకెలు దిగుతుండగానే ఆయన విమానంలో దీవికి వచ్చి, ఓడలో వెచ్చటి గది వదలకుండా కాచుకున్నారట. రెండు డిగ్రీలకు అది చాలనుకున్నారు. ఒడ్డు నుంచి మా తలుపు దాకా నూట ఇరవై అడుగులు. లోపలికి వచ్చేసరికి ఆయన కనుబొమలు తెల్లబడ్డాయి, షీల్డు అరచేతికి అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్లు పోసి విడదీశాం.

పొయ్యి ముందు కూర్చుని మూడు గ్లాసుల టీ తాగాక ఆయన మాట్లాడగలిగారు.

"ఎంతుందండీ?"

మేకు చూపించాను. "ఇరవై నాలుగండి."

"బయట?"

"ఆ విషయం ఫారంలో అడగలేదండి."

ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు. "సోమయాజులు గారూ," అన్నారు చివరికి, మెల్లగా, "ఆ మైనస్ ఉందండీ."

"ఉందండి."

ఓడ కూత వేసింది. దాలయ్య డబ్బా చంకనపెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "థర్మామీటరు బయటెట్టేయండి బాబూ. కొత్త వంటోడికి గరిట తగిలించుకోడానికి మేకుండాల" అన్నాడు. నేను మఫ్లరు అతని మెడకు చుట్టాను. వద్దన్నాడు. ఓడ మీద గాలి ఎక్కువన్నాను. కొసలు కోటులోకి దోపుకున్నాడు.

మండలీకరావు గారు మాట మీద నిలబడే మనిషి. హైదరాబాదు చేరిన వారంలో ఫారం మార్పించారు. కొత్త హద్దులు మైనస్ యాభై నుంచి సున్నా వరకు. ప్రత్యక్ష అనుభవంతో నిర్ణయించినవి కనుక నలభై రెండు కేంద్రాలకూ అవే వర్తింపజేశారు.

ఏప్రిల్లో ఒక రోజు ఉపగ్రహ ఫోను మోగింది. వేసవిలో నలభై అయిదు దాటే ఒక ఊరి పరిశీలకుడు.

"సోమయాజులు గారండీ, తమరు ఈ విషయంలో అనుభవజ్ఞులని చెప్పారు. మా థర్మామీటరు ఎక్కడ పెట్టమంటారు?"

"ఇప్పుడు ఎక్కడ పెట్టారండి?"

"పుల్ల ఐసు బండిలో పెట్టామండి. మైనస్ నాలుగు వస్తోంది. నిన్న శీతల గాలుల హెచ్చరిక వచ్చింది. ఇవాళ బస్టాండులో రగ్గులు పంచుతున్నాం."

"బండివాడు మంచివాడేనా?"

"మంచివాడేనండీ. థర్మామీటరుకు తగలకుండా పుల్లలు పక్కకు సర్దుతున్నాడు."

"అయితే ఇబ్బంది లేదు. మూత తరచు తీయనివ్వకండి" అని చెప్పాను.

ఆ సాయంత్రమే దాలయ్య ఎవరిచేతో రాయించిన సందేశం వచ్చింది. నాలుగు ముక్కలు. "పురిటికి ముందురోజే సేరినాను బాబూ. ఆడగుంట. మఫ్లరు దానికే సుట్టినాం. ఒళ్లు ఎచ్చగుంది, నానే సెయ్యెట్టి సూసినాను."

నా సొంత నోటుపుస్తకం తీశాను. ఆ రోజు పేజీలో బయట మైనస్ ముప్పై నాలుగు అని ఉంది. దాని కింద, స్థలం గడిలో ఇచ్ఛాపురం అని, ఉష్ణోగ్రత గడిలో వెచ్చగా అని రాశాను. ముప్పై ఒక్కేళ్లలో నేను కంటితో చూడకుండా రాసింది అదొక్కటే. సరిచూడలేదు.